ఐజెలె గారి ఊడ్పు వారం

గెర్లిండె చేతులకు గెర్లిండెతో పనిలేదు. ఇది ఆమె మొగుడు ఓట్మర్ నలభై ఏళ్లుగా అంటున్న మాట. మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఆవిడ ఇంతవరకూ తేల్చుకోలేదు. ఎస్లింగెన్‌లో చేతితొడుగుల ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ, అంటే ఇరవై తొమ్మిదేళ్లు, కుడి తొడుగుకి ఎడమ తొడుగు ఏరి జతకట్టి అట్టపెట్టెలో సర్దడమే ఆమె ఉద్యోగం. మొదటి ఏడాది కళ్లతో చూసి జతకట్టేది. ఆ తర్వాత చూడటం మానేసింది. పక్క బల్ల దగ్గరి ఆడవాళ్లతో వాళ్ల అత్తగార్ల భాగోతాలు మాట్లాడుకుంటుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. ఒక్క జత తప్పేది కాదు. ఫ్యాక్టరీ మూతపడింది, ఆమెకు అరవై ఆరు నిండాయి, చేతుల బుద్ధి మాత్రం మారలేదు. తల ఎక్కడో తిరుగుతుంటే అవి ఏదో ఒకటి చక్కబెట్టేస్తాయి. ఏం చేశాయో తలకు చెప్పవు.

సెప్టెంబరు ఆఖరి సోమవారం, ఉల్మ్ వైపు పోయే రైలు గైస్లింగెన్ కొండ ఎక్కుతోంది. ఓట్మర్ ఒళ్లో డాన్యూబ్ నది మ్యాపు పరుచుకుని కూర్చున్నాడు. ఉల్మ్, రేగెన్స్‌బుర్గ్, పస్సావ్, అక్కణ్ణించి సరిహద్దు దాటి మెల్క్ మఠం, చివరికి వియన్నా. నది ఎటు పోతే అటు, దాని గట్టునున్న పాత ఊళ్లన్నీ చూసుకుంటూ, రైల్లో, పదిహేను రోజులు. పెళ్లయి నలభై ఏళ్లయిన సందర్భం. ఊళ్లో ఇళ్ల నీటి మీటర్లు చూసే ఉద్యోగం చేసిన మనిషి ఆయన, బతుకంతా నేలమాళిగల్లో వంగి గొట్టాల్లో నీళ్లే చూశాడు. ఒక్కసారైనా ఆరుబయట పారే నీళ్ల వెంట ఆసాంతం పోవాలని ఆయన కోరిక.

గెర్లిండె చేతిలోని ఉప్పు చల్లిన బ్రెట్జెల్ రొట్టె నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఓట్మర్, పొద్దున పలక ఎక్కడ తగిలించాను?"

"ఏ పలక?"

"ఏ పలకేంటి, మనింట్లో పది పలకలున్నట్టు!"

"మిరెలా తలుపుకి. అలాగే అనుకున్నాంగా."

"అనుకున్నాం. తగిలించానా?"

ఆయన మ్యాపు మీంచి తలెత్తాడు. "నన్నడుగుతావేంటి? నేను నీ సూట్‌కేసుతో కిందికి దిగలేక చస్తున్నాను అప్పుడు. ఇటుకలు సర్దావా అందులో?"

మా వైపు అద్దె ఇళ్లలో మెట్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టే వంతు వారానికొకరిది. ఎవరి వంతో వాళ్ల తలుపు మేకుకి 'ఊడ్పు వారం' అని రాసిన చిన్న చెక్కపలక వేలాడుతుంది. శనివారం సాయంత్రంలోగా మెట్లు, నేలమాళిగ దారి, ఇంటి ముందు కాలిబాట అద్దంలా ఉండాలి. అయ్యాక పలక తర్వాతి వాళ్ల తలుపెక్కుతుంది. దేవుణ్ణి నమ్మని వాళ్లు మా వీధిలో ఉన్నారు గాని పలకను లెక్కచేయని వాళ్లు లేరు. గెర్లిండె వాళ్ల ఇంట్లో పలక మూడు తలుపుల మధ్య తిరుగుతుంది. రెండో అంతస్తులో గెర్లిండె, ఎదురు తలుపు హెడ్విగ్ ఐజెలె, కింద వీధి గుమ్మం పక్కన మిరెలా. మొదటి అంతస్తు ఏడాదిగా ఖాళీ.

పొద్దున తన తలుపు మేకు నుంచి పలక తీసినట్టు గెర్లిండెకు గుర్తుంది. చల్లటి చెక్క చేతికి తగిలినట్టు కూడా గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది బస్సు. ఒక చేతిలో గొడుగు, భుజానికి సంచి, తలలో గ్యాసు కట్టానా లేదా అన్న ధ్యాస. వరుస ప్రకారం ఆమె తర్వాత ఐజెలె గారు. నలభై ఏళ్లుగా ఆ చెయ్యి తన మేకు నుంచి తీసిన పలకని రెండడుగులు వేసి ఎదురు మేకుకే తగిలించింది. ఈ ఒక్కసారి మాత్రం రెండంతస్తులు దిగి మిరెలా తలుపుకి తగిలించాలి. చెయ్యి దిగిందా? ఎదురు తలుపు దగ్గరే తన పని చక్కబెట్టేసిందా?

ఐజెలె గారి తలుపుకి ఆ పలక ఈ వారం ఎందుకు ఎక్కకూడదో చెప్పాలి. ఆమెకు ఎనభై ఏడు. జూన్‌లో తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. వంగవద్దు, బరువెత్తవద్దు, మెట్ల మీద ఒంటరిగా తిరగవద్దు అన్నారు డాక్టర్లు. హైల్‌బ్రోన్‌లో ఉండే మేనల్లుడు వచ్చి వృద్ధాశ్రమం కాగితాలు బల్ల మీద పెట్టి పోయాడు. ఆవిడ వాటిమీద కాఫీ కప్పు పెట్టుకుంది. "చూడండి గెర్లిండె గారూ," అంది ఆ రోజు, "ఈ పలక నా తలుపుని దాటేసి పోయిన వారమే నేను ఈ కాగితాల మీద సంతకం పెడతాను. అప్పటిదాకా ఇది నా ఇల్లు." అందుకని గెర్లిండె ఒక ఏర్పాటు చేసింది. ఐజెలె గారి వారాల్లో పలక ఐజెలె గారి తలుపుకే వేలాడుతుంది. శుక్రవారం పొద్దున్నే గెర్లిండె చప్పుడు లేకుండా మెట్లు కడిగేస్తుంది. ఐజెలె గారు తలుపు తెరిచి శుభ్రమైన మెట్లు చూసి, ఏమీ ఎరగనట్టు తలుపు వేసుకుంటుంది.

ఈ ఉపాయం గెర్లిండె సొంతం కాదు. పెళ్లయి ఆ ఇంటికొచ్చిన కొత్తలో, మొదటి ఊడ్పు వారం పూర్తయ్యాక ఈ ఐజెలె గారే బయటికొచ్చి, మెట్ల రెయిలింగు కింది మూలలో చూపుడువేలు నెమ్మదిగా రాసి, బూడిదరంగు దుమ్ముతో ఆ వేలిని ఆమె ముక్కు ముందు పెట్టింది. ఒక్క మాట అనలేదు. గెర్లిండె ఆ సాయంత్రమంతా ఏడ్చింది, ముసలి రాక్షసి అని మొగుడి దగ్గర తిట్టింది. అప్పుడా రాక్షసికి నలభై ఏడేళ్లు. మరుసటి శీతాకాలం గెర్లిండెకు కడుపులో ఆరునెలల బిడ్డ పోయింది. మంచం దిగలేదు. పలక తన తలుపుకి రావడం తెలుసు, పోవడం తెలుసు, మెట్లు ఎవరు కడుగుతున్నారో తెలీదు. రెండు నెలల తర్వాత ఒక తెల్లవారుజామున బకెట్ చప్పుడు విని తలుపు తీస్తే ఐజెలె గారు మోకాళ్ల మీద ఉంది. "పలక మీ తలుపుకే ఉందిగా. చేతులెవరివో పలకకి అనవసరం. లోపలికెళ్లి పడుకోండి," అంది. ఆ రోజు నుంచి గెర్లిండెకు ఆవిడంటే భయమూ పోలేదు, ప్రేమా పోలేదు.

తీరా ఈ ప్రయాణం ఐజెలె గారి వారంలోనే పడింది. శుక్రవారం మెట్లు కడగడానికి తను ఊళ్లో ఉండదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "మొదటి అంతస్తు బాగు చేయడానికి పనివాళ్లు దిగుతున్నారటండీ. దుమ్ము పడుతుందని రెండు వారాలు ఊడ్పే వద్దన్నారట యజమాని," అని ఒక అబద్ధం ఆడింది. ఐజెలె గారు "అలాగా," అంది. మిరెలా సరేనంది. ఆసుపత్రి వంటశాలలో పని చేసే క్రొయేషియా అమ్మాయి, ఇంటి పట్టున ఉండేది తక్కువ, మాట ఇస్తే తప్పదు. ఇప్పుడు పలక గనక ఐజెలె గారి తలుపుకే ఉంటే, అబద్ధం బయటపడుతుంది. అది పెద్ద విషయం కాదు. పలక చూశాక ఆవిడ బకెట్ ఎత్తుతుంది. శనివారంలోగా ఎత్తుతుంది. కొత్త తుంటితో తడి మెట్ల మీద.

"మిరెలాకి ఫోన్ చెయ్యి," అన్నాడు ఓట్మర్.

"నంబరు లేదు."

"నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ నంబరు లేదా?"

"నీ దగ్గరుందా?"

ఆయన దగ్గరా లేదు. మెట్ల మీద ఎదురుపడి మాట్లాడుకునే మనుషులకు నంబర్లెందుకు? ఓట్మర్ మ్యాపులోకి తల దూర్చుకున్నాడు.

ఉల్మ్‌లో చర్చి గోపురం చూశారు. పైకి ఏడువందలకు పైగా మెట్లు. జనమంతా మెడలు వెనక్కి వంచి ఆకాశంలోకి చూస్తుంటే గెర్లిండె మెట్ల మొదట్లో నిలబడి, అరిగిపోయిన రాతి అంచులను చూస్తూ ఉండిపోయింది.

"ఎక్కుదామా సగం దాకా?"

"ఇవి తడిగా ఉంటే ఎలా ఉంటుందో."

"వాన లేదు కదే."

"కడిగినప్పుడు."

ఓట్మర్ ఒక్కడే ఎక్కాడు. దిగివచ్చి ఏం కనబడిందో చెప్పాడు. ఆమె వింది. ఏం విన్నదో ఆమెకే తెలీదు.

మంగళవారం రేగెన్స్‌బుర్గ్‌లో, పాత రాతి వంతెన పక్కన సాసేజులు కాల్చే పొయ్యి దగ్గర, పొగలో నిలబడి ఆమె ధైర్యం చేసి ఫోన్ చేసింది. ఐజెలె గారి ఇంటి ఫోను హాల్లో గోడకి ఉంటుంది. నాలుగోసారి మోగాక తీసింది.

"ఐజెలె."

"నేనండీ, గెర్లిండెని. ఎలా ఉన్నారు?"

"నిన్న ఎలా ఉన్నానో అలాగే. మీరు ఊళ్లు చూడ్డానికెళ్లారా, ఫోన్లు చేయడానికెళ్లారా?"

"కాదు, ఊరికే... అంతా బాగుందా ఇంట్లో? తలుపు దగ్గర..."

"తలుపు దగ్గర ఏముంటుంది?"

గెర్లిండె పొగలోంచి పక్కకి జరిగింది. పలక ఉందా అని అడిగితే, ఎందుకుండాలి, ఎందుకుండకూడదు అన్నీ చెప్పాలి. "మా పేపర్లు పేరుకుపోయాయేమో అని," అంది.

"పేపర్లు తీస్తున్నాను. పనివాళ్లు ఎప్పుడు దిగుతారన్నారు?"

"ఈ... ఈ వారంలోనే అన్నారు."

"అలాగా. ఈ వారం నిజానికి నాది, లెక్కప్రకారం. నాకు వారాలు లెక్కపెట్టడం వచ్చు. చర్చి చూడండి. పెట్టేస్తున్నా."

గెర్లిండె ఫోన్ సంచిలో పడేసింది. "విన్నావా? ఈ వారం నాది అంటోంది! పలక ఆవిడ తలుపుకే ఉంది."

"లెక్కప్రకారం అన్నదిగా."

"నీకేం తెలుసు ఆవిడ సంగతి!"

"నీ చేతుల సంగతి తెలుసు," అన్నాడు ఓట్మర్. ఆ మాట ఎందుకన్నానా అని వెంటనే అనుకున్నాడు.

బుధవారం పెద్ద చర్చిలో రంగు అద్దాల కిటికీలు ఎండకి వెలుగుతున్నాయి. ఓట్మర్ పుస్తకం చూసి ఏ కిటికీ ఏ కాలందో చెప్తున్నాడు. గెర్లిండె చూపు నేల మీద ఉంది. స్తంభం మొదట్లో ఒకామె తడిగుడ్డతో మూల తుడుస్తోంది. అరవై దాటి ఉంటాయి, ఒక చేత్తో స్తంభాన్ని పట్టుకుని మరీ లేచింది. గెర్లిండె కళ్లు చెమర్చాయి. పక్కనున్న పర్యాటకులు భక్తి అనుకుని దారి ఇచ్చారు.

పస్సావ్‌లో మూడు నదులు కలుస్తాయి. ఒకటి నల్లగా, ఒకటి నీలంగా, ఒకటి పాలు కలిపినట్టు పచ్చగా వచ్చి ఊరి కొసన ఒకటవుతాయి. ఈ చోటు గురించి ఓట్మర్ ఇరవై ఏళ్లుగా చెబుతున్నాడు. అక్కడి బెంచీ మీద కూర్చుని ఆయన గంటసేపు నీళ్లే చూస్తూ ఉండిపోయాడు, అంత సంబరం. గెర్లిండె ఆ గంటలో నాలుగుసార్లు ఫోన్ తీసి లోపల పెట్టింది.

"ఎంతసేపూ అదేనా?" అన్నాడు చివరికి. కోపం లేదు, నీరసం ఉంది. "నలభై ఏళ్లలో ఒక్కసారి, గెర్లిండె. ఒక్కసారి మన ఇద్దరమే వద్దామనుకున్నాను. సోమవారం నుంచీ ముగ్గురం తిరుగుతున్నాం."

"నేను కావాలని తీసుకొచ్చానా?"

"ఆవిడకి నిజం చెప్పెయ్. ఇప్పుడే. పలక ముట్టుకోవద్దు, నేను తప్పు చేశాను అని చెప్పు."

"చెప్తే ఏమవుతుందో తెలుసా? ఆ కాగితాల మీంచి కాఫీ కప్పు తీస్తుంది."

ఓట్మర్ నదివైపు తిరిగాడు. ఆమె చెప్పింది నిజమని ఆయనకూ తెలుసు. తెలిసినందువల్ల కోపం తగ్గలేదు. ఆ సాయంత్రం చేపల భోజనం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, పెళ్లిచూపుల్లో లాగా, ఉప్పు అందించడం తప్ప మాట లేకుండా తిన్నారు.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, దానంతటదే ఆగిపోయింది. ఐదూ పదికి మళ్లీ చేసింది. ఐజెలె గారు ఐదింటికి ఇంట్లో లేకపోవడమంటూ ఉండదు. ఐదింటికి ఆవిడ రొట్టె, టీ.

"నిద్రపోయుంటుంది," అన్నాడు ఓట్మర్.

"ఐదింటికా?"

శనివారం పొద్దున ఏడింటికి మళ్లీ చేసింది. ఆరింటికల్లా లేచి, రేడియో పెట్టి, జుట్టు ముడేసుకునే మనిషి. మోగుతూనే ఉంది. గెర్లిండె హోటల్ మంచం అంచున కూర్చుని ఫోన్ చెవి దగ్గర నుంచి తీయడం మర్చిపోయింది. అవతల ఖాళీ హాల్లో గోడ మీద మోగుతున్న ఆ ఫోను, దాని ఎదురుగా తలుపు, తలుపు అవతల మెట్లు, అన్నీ కళ్లకు కట్టాయి. ఆవిడ ఏ మెట్టు మీద ఉందో మాత్రం కనబడలేదు. పోలీసులకు చెబుదామా? తలుపు పగలగొడతారు, అంబులెన్సు వస్తుంది, మేనల్లుడు వస్తాడు. ఏమీ కాకపోతే ఆ తర్వాత ఆవిడకి ఆ ఇంట్లో పరువు మిగలదు. ఏమైనా అయ్యుంటే? ఎటూ తోచక ఆమె ఏడవడం మొదలుపెట్టింది.

ఓట్మర్ స్నానాల గదిలోంచి గడ్డం సగం గీసుకుని బయటికొచ్చాడు. ఆమెను చూశాడు. లోపలికెళ్లి మిగతా సగం గీసుకున్నాడు. వచ్చి మ్యాపు మడిచి సూట్‌కేసులో చొక్కాల అడుగున పెట్టాడు.

"వియన్నా రైలు తొమ్మిదింటికి. ఇంటివైపు పోయేది ఎనిమిదింటికి. లే, ఎనిమిదిది దొరుకుతుంది."

"నీ డాన్యూబ్?"

"అదెక్కడికి పోతుంది? నాకంటే ముందు నుంచీ అక్కడే ఉంది. లే."

ఆ రైలు ప్రయాణం గెర్లిండె జీవితంలో అన్నిటికన్నా పొడవైంది. వారమంతా చూస్తూ వచ్చిన ఊళ్లే కిటికీలోంచి వెనక్కి పోయాయి. రేగెన్స్‌బుర్గ్ దగ్గర రైలు అరగంట ఆగిపోయింది, ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ అరగంట వల్ల ఉల్మ్‌లో ఎక్కాల్సిన రైలు వీళ్ల కళ్లముందే కదిలిపోయింది. గెర్లిండె ప్లాట్‌ఫారం మీద రెండు అడుగులు పరిగెత్తి ఆగింది. దూరంగా చర్చి గోపురం అలాగే నిలబడి ఉంది, దాని మీద ఆమెకు ఒళ్లు మండింది. ఓట్మర్ ఎక్కడినుంచో రెండు కాఫీలు తెచ్చాడు. ఆమె కప్పు పట్టుకుంది గాని తాగలేదు.

"ఆవిడకి ఏమైనా అయితే," అంది, "నా చేతులు నరుక్కోవాలి."

"అప్పుడు మెట్లెవరు కడుగుతారు?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. ఓట్మర్ ఆమె వీపు మీద చెయ్యి వేసి, తర్వాతి రైలు వచ్చేదాకా తీయలేదు.

ఇంటి వీధి మలుపు తిరిగేసరికి నాలుగున్నర. కాలిబాట మీద మేపుల్ ఆకులు సగం దూరం ఊడ్చి ఉన్నాయి. ఊడ్చిన చోట రాళ్లు మెరుస్తున్నాయి. ఊడ్వని చోట ఆకులు అలాగే ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య, గోడకి ఆనించి, చీపురు.

అది ఐజెలె గారి చీపురు. పిడికి ఎర్ర దారం చుట్టి ఉంటుంది.

గెర్లిండె సూట్‌కేసు వీధిలోనే వదిలేసింది. లోపలికి అడుగు పెట్టగానే సబ్బునీళ్ల వాసన కొట్టింది. మిరెలా తలుపు చూసింది. మేకు ఖాళీగా ఉంది. అంటే అక్కడ తగిలించలేదు. చెయ్యి మోసం చేసింది. అంతే, అనుకున్నదే అయింది. ఆమె తడి మెట్ల మీద ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలీదు, వెనకనుంచి ఓట్మర్ "మెల్లిగా, జారతావ్!" అని అరుస్తున్నాడు.

మొదటి అంతస్తు దాటాక, పై వరుసలో మూడో మెట్టు మీద ఐజెలె గారు కూర్చుని ఉంది. పక్కన బకెట్. ఒళ్లో తడిగుడ్డ. జుట్టు ముడి సరిగ్గానే ఉంది, ముఖం మాత్రం గోడ సున్నంలా తెల్లగా పాలిపోయి ఉంది.

"మెట్లు తడిగా ఉన్నాయి," అంది. "బూట్లు విప్పి రావాల్సింది."

"పడ్డారా? ఎక్కడ దెబ్బ తగిలింది? ఎంతసేపైంది?"

"పడలేదు. విరిగితే నాకు తెలుస్తుంది, ఒకసారి విరిగిందిగా. కూర్చున్నాను. మళ్లీ లేవబుద్ధి కాలేదు." తర్వాత, కొంచెం తగ్గి, "మూడున్నర నుంచి," అంది.

"అరిస్తే ఎవరైనా..."

"ఎవరొస్తారు? ఆ అమ్మాయి ఆరింటికి గాని రాదు. వీధిలో వాళ్లు వినాలా, ఐజెలె మెట్ల మీద కూర్చుని అరుస్తోందని?"

గెర్లిండె ఆమె పక్కన కూలబడింది. తడి స్కర్టులోకి ఎక్కుతోంది. పైన, ఎదురుగా, ఐజెలె గారి తలుపుకి పలక వేలాడుతోంది.

"తప్పు నాదేనండీ. నా చెయ్యి. అలవాటున మీ తలుపుకి తగిలించేసింది. రైలెక్కినప్పటి నుంచీ నాకు ఒక్క ముద్ద దిగలేదు. కింద మిరెలాకి తగిలిద్దామనుకుని..."

"మీ చెయ్యి మీరు చెప్పినట్టే చేసింది."

"ఏంటండీ?"

"మీరు పలక తగిలించింది ఆ అమ్మాయి తలుపుకే. సోమవారం మీరు వెళ్లిన గంటకి దిగాను, ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ. పనివాళ్ల అలికిడి లేదేమిటా అని. మొదటి అంతస్తుకి తాళం. కిందికెళ్తే పలక కనబడింది." ఐజెలె గారు ఒళ్లోని గుడ్డ మడత సరిచేసింది. "నన్ను దాటించేశారని అప్పుడర్థమైంది. ఒకరోజు మేనల్లుడికి ఫోన్ చేద్దామనుకున్నాను. ఒకరోజు సంతకం పెట్టేద్దామనుకుని పెన్ను కూడా తీశాను. నిన్న వెళ్లి పలక తెచ్చి నా తలుపుకి నేనే తగిలించుకున్నాను. నా వారం నాది."

"ఫోన్ చేశానండీ. నిన్న, ఇవాళ పొద్దున..."

"మోగింది. విన్నాను. నాకు తెలీకుండా నా సంగతి తేల్చేసే వాళ్లతో ఏం మాట్లాడను?"

 గెర్లిండె ఐదు రోజులుగా తిట్టిపోసిన తన చేతుల వంక చూసుకుంది. అవి చెప్పిన చోటే తగిలించాయి, రెండంతస్తులు దిగి మరీ. తప్పంతా వాటికి అలా చెప్పిన తనదే. ఆ తప్పు ఈవిడ మంచం మీదా బల్ల దగ్గరా ఒంటరిగా నాలుగు రోజులు కూర్చుని మింగింది. తను రైల్లో పడిన భయం కన్నా అది పెద్దదని గెర్లిండెకు ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో ముఖం కాలిపోయింది.

"అడిగితే మీరు ఒప్పుకునేవారు కాదు," అంది సన్నగా.

"ఒప్పుకునేదాన్ని కాదు. అయినా అడగాల్సింది."

కింది మలుపు దగ్గర ఓట్మర్ బూట్లు చేత్తో పట్టుకుని మేజోళ్లతో నిలబడ్డాడు. దగ్గాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

ఐజెలె గారు గడ్డంతో పైమెట్ల వైపు చూపించింది. "కిందినుంచి అక్కడిదాకా చేశాను. చూసి చెప్పండి, సరిగ్గా ఉందో లేదో."

గెర్లిండె లేచింది. ఎక్కడ చూడాలో ఆమెకు తెలుసు. రెయిలింగు కింది మూల దగ్గర వంగి, చూపుడువేలు నెమ్మదిగా రాసింది. వేలు బూడిదరంగైంది. స్కర్టుకి తుడిచేసుకుని బాగుందండీ అనడానికి అర క్షణం చాలు. వారం కింద ఆడిన అబద్ధం లాంటిదే ఇదీ, ఇంకా చిన్నది. ఐజెలె గారు తల తిప్పకుండా గోడవైపు చూస్తూ కూర్చుంది, మెడ మాత్రం బిగుసుకుని ఉంది.

గెర్లిండె ఒక మెట్టు దిగి, ఆ వేలిని ముసలామె ముక్కు ముందు పెట్టింది.

"ఇక్కడ మిగిలిపోయిందండీ."

ఐజెలె గారు ఆ వేలి వంక చాలాసేపు చూసింది.  కళ్లు నిండాయి, ఆవిడ వాటిని తుడుచుకోలేదు.

"వంగలేకపోయాను," అంది. "అక్కడికి వచ్చేసరికి ఇక వంగలేకపోయాను, గెర్లిండె."

ఒళ్లోని తడిగుడ్డ తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇంద. నువ్వు తుడువు. నేను చెబుతాను ఎక్కడో. పలక మాత్రం నా తలుపుకే ఉంటుంది." తర్వాత కిందికి తొంగిచూసి గొంతు పెంచింది. "ఓట్మర్ గారూ, అలా స్తంభంలా నిలబడకపోతే ఆ బకెట్‌లో నీళ్లు మార్చి తేవచ్చుగా! చల్లబడి చచ్చాయి."